ఆలివర్‌ను ఇంకెన్నాళ్లు తిడతారు?

అమెరికన్ టీవీ సీరియల్ 'బ్రేడీ బంచ్' చూసినవాళ్లు నలుగురు చేరితే దేని గురించైనా వాదించుకుంటారు గానీ, ఆలివర్ విషయంలో మాత్రం దాదాపు అందరిదీ ఒకే మాట: ఆ కుర్రాడు ఇంట్లో కాలు పెట్టాడు, సీరియల్ మూతపడింది. ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఐదు సీజన్లు నడిచిన సీరియల్ ఆగిపోయిన పాపాన్ని ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడి నెత్తిన రుద్దడం అన్యాయం. అందుకే అభిమానులు ఈసడించుకునే ఎపిసోడ్లనే ఈమధ్య పనిగట్టుకుని మళ్లీ చూశాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ముగ్గురు కొడుకులున్న మైక్ బ్రేడీ, ముగ్గురు కూతుళ్లున్న కెరోల్ పెళ్లి చేసుకుంటారు. వాళ్లతోపాటు ఇంటిపని చూసే ఆలిస్ ఉంటుంది. అమెరికాలో ఏబీసీ ఛానల్ దీన్ని 1969 సెప్టెంబరులో మొదలుపెట్టి 1974 మార్చి దాకా, మొత్తం 117 ఎపిసోడ్లు నడిపింది. ఆ ఐదేళ్లలో ఏ సీజన్‌లోనూ అది రేటింగుల్లో మొదటి 30 స్థానాల్లోకి రాలేదు. జనానికి దగ్గరైంది పునఃప్రసారాలతోనే. అందువల్ల ఒక చిత్రమైన పని జరిగింది. పునఃప్రసారంలో మంచి ఎపిసోడ్ ఎన్నిసార్లు వస్తుందో చెడ్డదీ అన్నిసార్లే వస్తుంది. మామూలుగా జనం మరచిపోయే బలహీనమైన కథలు కూడా ఒక తరం పిల్లలకు కంఠతా వచ్చేశాయి. ఆలివర్‌కు అంత చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

ఆలివర్ కెరోల్‌కు మేనల్లుడు. తల్లిదండ్రులు దక్షిణ అమెరికాకు వెళ్లాల్సి రావడంతో బ్రేడీల ఇంటికి చేరతాడు. ఈ పాత్ర వేసిన రాబీ రిస్ట్‌ది గుండ్రని కళ్లద్దాలు, నుదుటి మీద పడే బంగారు రంగు జుట్టు. అతను కనిపించింది చివరి ఆరు ఎపిసోడ్లలోనే. మొదటిదైన 'వెల్‌కమ్ అబోర్డ్' కథేమిటో చూడండి: అతను వచ్చింది మొదలు ఇంట్లో ఏదో ఒకటి పగలడమో, ఎవరో ఒకరు పడిపోవడమో జరుగుతుంది. వాడు వచ్చిన వేళ మంచిది కాదని పిల్లలు అనుకుంటారు, ఆ మాట వాడిని కుంగదీస్తుంది. చివర్లో అందరూ కలిసి ఒక సినిమా స్టూడియో చూడటానికి వెళ్లి, అనుకోకుండా ఒక మూకీ హాస్యచిత్రంలో నటించి, ఒకరి ముఖాన ఒకరు క్రీము పూసిన పైలు (ఒక రకం తీపి వంటకం) విసురుకుంటారు.

ఆ పైల సన్నివేశం నాకూ నచ్చలేదు. సాగదీశారు. కానీ దానికి ముందున్న భాగం మాత్రం పట్టించుకోదగ్గది. పరాయి ఇంట్లో ఉంటున్న పిల్లవాడు, తన వల్లే అందరికీ కీడు జరుగుతోందని నమ్మడం మొదలుపెడతాడు. కథలో పిల్లలు వాడి మీద వేసిన ముద్రనే ప్రేక్షకులు ఆ తరువాత 50 ఏళ్లుగా వేస్తున్నారు. కథలోని పిల్లలు మనసు మార్చుకున్నారు, ప్రేక్షకులు మార్చుకోలేదు.

అసలు అతన్ని ఎందుకు తెచ్చారు? 1974 నాటికి పెద్దకొడుకు గ్రెగ్‌గా వేసిన బారీ విలియమ్స్‌కు 19 ఏళ్లు. అందరికంటే చిన్నదైన సిండీ పాత్రధారిణి సూసన్ ఓల్సెన్‌కు కూడా 12 నిండాయి. ముద్దు మాటలతో నవ్వించే వయసు ఇంట్లో ఎవరికీ మిగలలేదు. అదే ఛానల్‌లో వస్తున్న 'ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ' కూడా అదే సీజన్‌లో రికీ అనే చిన్న పిల్లవాడిని చేర్చింది, అదీ 1974లోనే ఆగిపోయింది. పిల్లలు ఎదిగిన కుటుంబ హాస్య సీరియళ్లన్నిటికీ ఉండే ఇబ్బంది ఇది. పాత పిల్లల కొత్త వయసుకు తగ్గ కథలు రాయడం కష్టం, కొత్త పిల్లవాడిని తేవడం సులువు. టీవీ గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఈ ఎత్తుగడను 'కజిన్ ఆలివర్' అనే పిలుస్తారు. రచయితల బద్ధకానికి పిల్లవాడి పేరు పెట్టడం నాకు మింగుడు పడదు.

నిజంగా విసుగు తెప్పించే ఎపిసోడ్ కావాలంటే 1974 జనవరిలో, ఆలివర్ రాకముందే ప్రసారమైన 'కెల్లీస్ కిడ్స్' చూడండి. బ్రేడీల ఎపిసోడ్‌లో బ్రేడీలే అతిథులు! కెన్ బెర్రీ నటించిన కెల్లీ, అతని భార్య ముగ్గురు మగపిల్లలను దత్తత తీసుకుంటారు: ఒకరు తెల్లవాడు, ఒకరు నల్లవాడు, ఒకరు ఆసియా మూలాలున్నవాడు. పొరుగింటావిడకు అది గిట్టదు. 'బ్రేడీ బంచ్' సృష్టికర్త షెర్వుడ్ ష్వార్ట్జ్ దీన్ని కొత్త సీరియల్‌కు నమూనాగా తీశారు. అప్పుడు ఎవరూ తీసుకోలేదు. ఇలాంటి ఆలోచనతోనే 1986లో సీబీఎస్ ఛానల్‌లో 'టుగెదర్ వి స్టాండ్' వచ్చింది, అదీ నిలవలేదు. జాతి వివక్ష గురించి ఈ సీరియల్ ఇంత సూటిగా మాట్లాడటం అరుదు. ఆ విషయానికి దక్కాల్సిన గంభీరత నమూనా చూపించే తొందరలో కొట్టుకుపోయింది. ఈ ఎపిసోడ్ మీద నాకున్నది కోపం కాదు, బాధ.

ఇక ఆఖరిది, 'ది హెయిర్ బ్రెయిన్డ్ స్కీమ్'. చిన్నకొడుకు బాబీ తొందరగా డబ్బు సంపాదించాలని హెయిర్ టానిక్ అమ్ముతాడు. తమ్ముడి మీద ప్రేమకొద్దీ గ్రెగ్ దాన్ని రాసుకుంటాడు, హైస్కూలు పట్టా అందుకోవాల్సిన సమయానికి జుట్టు నారింజ రంగుకు తిరుగుతుంది. తండ్రి మైక్ పాత్రధారి రాబర్ట్ రీడ్ లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో శిక్షణ పొందిన నటుడు. కథలో తర్కం లేకపోతే నిర్మాతలకు పొడవాటి లేఖలు రాసేవారు. ఈ స్క్రిప్టులో నటించనని తెగేసి చెప్పారు. దాంతో మైక్ ఊళ్లో లేడని చెప్పించి పని కానిచ్చారు.

స్క్రిప్టు విషయంలో రీడ్ చెప్పినది నిజమే అంటాను. ఆయనను పొగరుబోతు అనేవాళ్లు, తోటి బాలనటులను ఆయన ఇంగ్లండ్ యాత్రకు తీసుకెళ్లిన సంగతి గుర్తుంచుకోవాలి. ఆయనకు పేచీ ఉన్నది కాగితం మీది రాతతోనే. అయినా పెద్దకొడుకు పట్టా అందుకునే రోజున తండ్రి లేకపోవడం, కుటుంబం కోసం అన్నీ పక్కన పెట్టే మైక్ స్వభావానికే విరుద్ధం. టానిక్ కంటే నాకు అదే ఎక్కువ వెలితిగా అనిపించింది. చూస్తున్నంతసేపూ, ఇప్పుడైనా తలుపు తీసుకుని వస్తాడేమోనని ఎదురుచూశాను.

ఈ ఎపిసోడ్‌లో ఆలివర్ చేసిందల్లా సిండీతో కలిసి కుందేళ్లను పెంచి అమ్మాలని చూడటం. టానిక్ కథ రాసింది అతను కాదు, మైక్‌ను ఊరు పంపించింది అతను కాదు, సీరియల్‌ను ఆపేయాలని నిర్ణయించిందీ అతను కాదు.