వెనక సీటు ధర

"యాభై స్ప్లెండర్ల పైసలు పెట్టి ఒక్క బండి కొంటడా? కొనెటోనికి తెలివి లేకపోతే లేకపాయె. దాన్ని మెచ్చుకునే నీకన్న ఉండాలె గద!"

ఉస్తాద్ ఈ మాట అన్నది హనుమకొండలో తన షెడ్డు ముందట, నలుగురు గిరాకీల నడుమ. నేను సెలవు మీద వచ్చి వారం కూడా కాలే. దుబాయ్‌లో నేను పనిచేసే వర్క్‌షాపు ఫోటోలు ఫోన్‌లో చూపిస్తున్న. ఆయన ఒక్క ఫోటో చూసిండు, ధర అడిగిండు, పానా కింద పెట్టిండు. "నేను నీకు నేర్పింది బీదోని బండి బాగుచేసుడు. నువ్వు షేకులు ఆడుకునే బొమ్మలు తుడుస్తున్నవ్" అన్నడు. మళ్ళ పనిలో పడ్డడు.

ఆయన మీద నాకు కోపం రాలే. పదహారేండ్ల వయసులో పరకాల దిక్కు నుంచి వచ్చిన నాకు పానా పట్టుకునుడు నేర్పింది ఆయనే. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కు, ఇంకో కొస చెవికి ఆనించి ట్యాపెట్ చప్పుడు వినుడు నేర్పింది ఆయనే. ఏడేండ్లు ఆ షెడ్డులో తిన్న, తొమ్మిదేండ్లు దుబాయ్‌లో తింటున్న. రెండు చోట్లా అన్నం పెట్టింది ఆ చెవే. అందుకే ఎదురు చెప్పలే. తమ్ముని బండి మీద ఇంటికి పోయినంత సేపూ లోపల లోపల మాత్రం జవాబు చెప్పుకుంటనే ఉన్న. ఇప్పటికీ అదే చేస్తున్న.

ముందు ధర సంగతి. ఆయనకు చూపించింది గోల్డ్ వింగ్ టూర్, ఇద్దరు కూచోని దూరం పోయేటందుకు హోండా చేసే పెద్ద బైకు. హోండా మొదటి గోల్డ్ వింగ్ 1975 మోడల్‌గా వచ్చింది. యాభై ఏండ్ల గుర్తుగా 2025లో మన దేశంలోకి తెచ్చిన ఎడిషన్‌కు షోరూం ధరే అప్పుడు 39 లక్షల 90 వేలు. అమెరికాలో ఈ బండి అప్పుడు సుమారు 29 వేల డాలర్లు, అంటే మన లెక్కలో పాతిక లక్షల చిల్లర. మిగిలిన పదిహేను లక్షలకు బండిలో ఒక్క నట్టు కూడా ఎక్కువ రాదు. బయటి దేశంలో తయారై దిగే 1600 సీసీ, ఆ పైన బండ్లకు కస్టమ్స్ సుంకం 2025 బడ్జెట్ దాకా 50 శాతం ఉండె, ఇప్పుడు 30. దాని మీద జీఎస్టీ. 350 సీసీ దాటితే ఇంతకుముందు సెస్సుతో కలిపి 31 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. వంద రూపాయల వస్తువు ఓడ దిగంగనే నూటముప్పై, జీఎస్టీ పడంగనే నూట ఎనభై రెండు. రోడ్డు మీదికి తెచ్చే ముందు కట్టే లైఫ్ ట్యాక్స్ వేరే. అదే రోజు నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, అంటే ఉస్తాద్ బాగుచేసే బండ్లు చౌకైనయి. అది నాకు సంతోషమే. కాని ఆయన తిట్టిన ధరలో మూడో వంతుకు పైగా బండిది కాదు.

మిగిలిన పాతిక లక్షలకు ఏమున్నదని ఆయన అడిగితే చెప్పే జవాబు నా దగ్గర ఉన్నది. నా చేతులతో విప్పి చూసిన కాబట్టి చెప్తున్న.

1833 సీసీ ఇంజన్. ఆరు సిలిండర్లు నిలబడి ఉండవు, అటు మూడు, ఇటు మూడు పడుకొని ఉంటయి. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి. ఒకదాని ఊపును ఇంకోటి మింగేస్తది. బండి స్టార్ట్ చేసి మీద చెయ్యి పెడితే ఇంజన్ నడుస్తున్నదా లేదా అని అనుమానం వస్తది. బరువంతా కింద ఉండేసరికి 380 కిలోలకు పైన తూగే బండి కూడా కదిలిందంటే చేతిలో తేలికైతది. 2018 నుంచి ముందట మామూలు ఫోర్కు తీసేసి కార్లకు ఉన్నట్టు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకునే డబుల్ విష్‌బోన్ పెట్టిండ్రు. గుంతలో పడ్డప్పుడు దెబ్బ షాకప్‌కు పోతది, అంతగా హ్యాండిల్‌కు రాదు. 2006లోనే కంపెనీ నుంచి ఎయిర్‌బ్యాగుతో వచ్చిన బండి ఇది. రివర్స్ కూడా ఉన్నది. ఇంత బరువును దిగుడు పార్కింగ్ నుంచి కాళ్ళతో వెనక్కి నెట్టుడు అరవై ఏండ్ల మనిషి వల్ల కాదు.

నేను అన్నిటికన్న ఎక్కువ ఇష్టపడేది షాఫ్టు, అంటే ఇంజన్ బలాన్ని వెనక చక్రానికి మోసే తిరుగుడు కడ్డీ. చైన్ లేదు. చైన్ సాకెట్ అరిగిపోయి, మేడారం దారి ఎర్రమట్టి నూనెతో కలిసి సానరాయి లెక్క లింకులను తినేసిన బండ్లు జాతర కాలంలో షెడ్డుకు ఎన్ని వచ్చేటివో నాకు తెలుసు. చైన్ తెగి తాడ్వాయి అడవిలో రాత్రి ఆగిపోయిన కుటుంబాలను ఆటోలో పోయి తెచ్చినం. షాఫ్టు ఉంటే ఆ బాధ లేదు. వెనక గేరుపెట్టెలో నూనె చూసుకుంటే వేల కిలోమీటర్లు మర్చిపోవచ్చు.

ఇంకో సంగతి ఉస్తాద్‌కు నచ్చుతదనుకుంట. మొదటి గోల్డ్ వింగ్‌కు గాలి ఆపే ఫెయిరింగు లేదు, పెట్టెలు లేవు. కొన్నోళ్ళే బయట కొనుక్కొని బిగించుకున్నరు. అది చూసినంక 1980లో కంపెనీయే అవన్నీ బిగించి ఇంటర్‌స్టేట్ అని అమ్మింది. దూరం పోయే బండి ఎట్లుండాలో ముందు తెలిసింది దూరం పోయినోళ్ళకే.

ఉస్తాద్ మాటలో నిజం లేదని కాదు. మా వర్క్‌షాపుకు ఏడాదికి ఒకసారి ట్రక్కు మీద ఎక్కి వచ్చే బండ్లు ఉన్నయి. మీటరులో మూడు వేల కిలోమీటర్లు కూడా ఉండయి. బ్యాటరీ చచ్చిపోతది, టైరు అరగకుండనే ముసలిదైతది. వాటిని ముట్టుకున్నప్పుడు నాకూ ఉస్తాద్ కోపమే వస్తది. నేనుండే గదిలో మెట్‌పల్లోడు, సిరిసిల్లోడు ఏజెంటుకు కట్టిన అప్పు తీర్చుటానికి రెండేండ్లు ఎండల నిలబడ్డరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించొద్దని అక్కడ రూలు ఉన్నది. మూడు గంటలకు మళ్ళ అదే ఎండలోకి పోవాలె. అసొంటోళ్ళ పక్కన పండుకొని లేచి, ముసుగు కప్పిన బండికి కొత్త బ్యాటరీ వేసుడు మనసుకు ఎక్కదు.

మన రోడ్ల సంగతి కూడా ఆయన చెప్పిందే కరెక్టు. ఆ బండి పొట్టకు నేలకు నడుమ 130 మిల్లీమీటర్లే. మా ఊరి బడి ముందట ఉన్న స్పీడ్ బ్రేకరు దాన్ని దాటనియ్యదు. హైదరాబాద్ రోడ్డు మీద జనగామ దాకా బాగనే పోతది, ములుగు దాటి ఊర్లల్లకు తిరిగితే కష్టం. చెడిపోతే పార్టు రావాలె, చూసే చెయ్యి ఉండాలె. దూరం తిరుగుడే ముఖ్యమైతే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఉన్నది. 2023లో వచ్చినప్పుడు ధర 2 లక్షల 69 వేల నుంచి మొదలు. రామప్ప, లక్నవరం, కాళేశ్వరం, లడాక్ దాకా ఎక్కడికన్న పోతది. ఒక్కడే తిరిగే పిల్లగాడు నన్ను అడిగితే ఇదే చెప్త. 20 లక్షలు దాటిన బీఎండబ్ల్యూ జీఎస్ గురించి అడిగినా ఇదే చెప్త. మూడు లక్షల బండికి, ఇరవై లక్షల బండికి నడుమ నడిపేటోనికి ఉన్న తేడా, పదిహేడు లక్షలంత లేదు.

ఇక్కడిదాక ఉస్తాద్ గెలిచిండు. వెనక సీటు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

రెండేండ్ల కింద ఒక లెబనాన్ పెద్దమనిషి గోల్డ్ వింగ్ తెచ్చిండు. లక్ష కిలోమీటర్లు దాటిన బండి. ఒక్కడే నడిపితే చప్పుడు లేదు, భార్య వెనక కూచుంటేనే టక్ టక్ అంటున్నది. ఇద్దరు మెకానిక్కులు చూసి ఏం లేదన్నరు. ఆఖరుకు ఫోర్‌మన్ నన్ను పిలిచి, ఆయన నడుపుతడు, నువ్వు వెనక కూచోని విను అన్నడు. తొమ్మిదేండ్లలో ఆ సీటును వందసార్లు విప్పిన, బిగించిన. కూచున్నది ఆ రోజే.

పది నిమిషాల్లో చప్పుడు దొరికింది. వెనక పెట్టె బిగింపులో రబ్బరు బుష్షు చీలిపోయింది. మనిషి ఆనుకుంటే ఇనుము ఇనుముకు తగులుతున్నది. కొత్తది రావాలంటే రెండు రోజులు. రోడ్డు పక్కన ఆపించి, నా సంచిలో ఉన్న పాత ట్యూబు రబ్బరు ముక్క కోసి మడిచి పెట్టిన. ఉస్తాద్ చేసే పనే. మళ్ళ ఎక్కినం. చప్పుడు లేదు.

పెద్దమనిషి వెనక్కి తిరగలే. ఫోర్‌మన్‌కు ఫోను చేసి, ఘాట్ రోడ్డు మీద కూడా చూడాలె, పిల్లగాన్ని సాయంత్రం దింపుత అని చెప్పిండు. నన్ను రాస్ అల్ ఖైమాలో ఉన్న జెబెల్ జైస్ కొండ మీదికి తీసుకపోయిండు. ముప్పై కిలోమీటర్లకు పైన మలుపులు. పైన చలి గాలి. కరక్ చాయ్ తాగించిండు. తొమ్మిదేండ్లలో ఆ దేశంలో ఒక మనిషి నన్ను పనికి కాకుండా ఊరికే ఎక్కడికన్న తీసుకపోయింది ఆ ఒక్కసారే.

ఆ మూడు గంటలు నేను కొండలను చూసింది తక్కువ. వీపుకు దిండు ఆనుకున్నది. మోచేతులకు ఆసరా ఉన్నది. కాళ్ళ కింద పాదం పూర్తిగా పట్టే పలక. చెవి పక్కన వెనకోళ్ళ కోసమే వేరే స్పీకరు. ఇద్దరెక్కితే ఎంత బరువో చూసి వెనక షాకప్‌ను ఒక బటనుతో సెట్ చేసుకోవచ్చు. బండి బ్రేకేసినప్పుడు నేను ముందటి మనిషి మీద పడలే. ఆ రోజు నాకు అర్థమైంది: ఆ పైసల్లో పెద్ద భాగం నడిపేటోని కోసం పెట్టింది కాదు. వెనక కూచున్న మనిషి కోసం పెట్టింది.

నాకు అమ్మ యాదికొచ్చింది. బాపు వెనక ముప్పై ఏండ్లు ఒక పక్కకు తిరిగి కూచున్నది. ఒక చెయ్యి బాపు భుజం మీద, ఒక చేతిలో సంచి, ఒడిలో కొన్నేండ్లు నేను, కొన్నేండ్లు తమ్ముడు. ఎనుమాముల మార్కెట్టుకు, దవాఖానకు, పెండ్లిండ్లకు, చావులకు అట్లనే పోయింది. నడుము ఒక దిక్కు, మొహం ఒక దిక్కు. గుంత వచ్చినప్పుడల్ల నడుము మీదనే దెబ్బ. ఇప్పుడు ఆమె నడుము నొప్పికి డాక్టరు ఇచ్చే మందుల పేర్లు నాకు నోటికి వస్తయి.

మన మోటారు వాహనాల రూల్స్‌లో వెనక కూచునేటోళ్ళకు పట్టుకునే పిడి, కాలు పెట్టే జాగ, బట్ట చక్రంలో పడకుండ సగం చక్రానికన్న అడ్డం ఉండాలని రాసి ఉన్నది. చీర చక్రంలో పడి ఎంతమంది పోతే ఆ రూలు వచ్చిందో! అది ప్రాణం దక్కించే రూలు, మంచిదే. గంట సేపు కూచునే మనిషికి సుఖం సంగతి మాత్రం అందులో లేదు. మన దగ్గర బండి కొనేటప్పుడు మైలేజి అడుగుతరు, ఈఎంఐ అడుగుతరు. వెనక కూచునే ఆమెను షోరూంకు తీసుకపోయి, కూచో, కాళ్ళు ఆనుతున్నయా అని అడిగినోన్ని నేను చూడలే. నేను కూడా అడగలే. తమ్మునికి బండి కొనిచ్చింది నేనే.

నలభై లక్షలు పెట్టాలని నేను అంటలే. వరంగల్‌లో అంత పెట్టి ఆ బండి కొనుడు నా లెక్కలో కూడా తప్పే. ఇద్దరు కలిసి ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు, మంచి రోడ్ల మీద, పదేండ్లు తిరిగే ముసలి దంపతులకు మాత్రం అక్కడి ధర వృథా కాదు. ఆ లెబనాన్ ఆమెకు అరవై దాటినా, ఒమాన్ పోయి వచ్చి బండి దిగి నిటారుగ నడిచింది. నేను చూసిన.

సెలవు అయిపోయే ముందు మళ్ళ షెడ్డుకు పోయిన. ఆ ట్యూబు రబ్బరు సంగతి ఉస్తాద్‌కు చెప్పిన. పాత మాట ఎత్తలే. ఆయన చాలా సేపు ఏమీ అనలే. తర్వాత అడిగిండు: "వెనక సీటు ఎంత వెడల్పుంటది?"

చేతులతో చూపించిన. "కాలు పలక?" అన్నడు. అది కూడా చూపించిన.

తెల్లారి అమ్మను తీసుకొని రమ్మన్నడు. కుషన్ పని చేసేటోన్ని పిలిపించి తమ్ముని బండి సీటు వెనక భాగం రెండు ఇంచులు వెడల్పు చేయించిండు, గట్టి ఫోమ్ వేయించిండు. ఎడమ పక్క ఉన్న సన్న కడ్డీ తీసేసి, పాదం మొత్తం పట్టే ఇనుప పలక తనే కోసి వెల్డింగ్ పెట్టిండు, జారకుండ మీద పాత టైరు ముక్క బిగించిండు. పైసలు ఇయ్యబోతే నా చెయ్యి పక్కకు నూకిండు.

అమ్మ ఎక్కి కూచున్నది. ఉస్తాద్ నేల మీద కూచోని ఆమె పాదాల కింద జాగ చూసిండు. "ఆనుతున్నయా అక్కా?" అన్నడు.

అమ్మ నా దిక్కు చూసింది, మళ్ళ ఆయన దిక్కు చూసింది. "ఇంకో ఇంచు దించు తమ్మీ" అన్నది.