కాశీ నుంచి ఇల్లు చేరాక

మొక్కు తీరింది. విశ్వేశ్వరుడి దయ వల్ల అమ్మ తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళి ఆయన్ని చూసింది, మళ్ళీ తన కాళ్ళ మీదే నడిచి తెనాలిలో మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. నిరుడు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని, "స్వామీ, అమ్మ లేచి నడిస్తే నీ దగ్గరికి తీసుకొస్తాను" అనుకున్నాను. నడిపించాడు. ఇంకా బ్యాగులు కూడా పూర్తిగా సర్దలేదు, అంతా కళ్ళ ముందు ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

నేను, అమ్మ, హైదరాబాద్ నుంచి వచ్చిన తమ్ముడు, ముగ్గురం వెళ్ళాం. బెజవాడలో రైలెక్కి మొగల్‌సరాయ్‌లో దిగాం. 2018లో దానికి పండిట్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు కానీ మనవాళ్ళ నోట ఇప్పటికీ అది మొగల్‌సరాయే. కేదార్ ఘాట్ దగ్గర తెలుగువాళ్ళ సత్రంలో గది దొరికింది. గంగాస్నానం, డుంఠి గణపతి, కాలభైరవుడు, విశాలాక్షి, తెల్లవారుజామునే వెళ్తే తప్ప కనపడని వారాహి అమ్మవారు... వెళ్ళినవాళ్ళకి ఇవన్నీ తెలుసు, వెళ్ళనివాళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు, కాబట్టి వరసగా రాయను. మధ్యలో గయ కూడా వెళ్ళొచ్చాం. తమ్ముడు నాన్నగారికి పిండం పెట్టాడు. అక్షయవటం దగ్గర ఇష్టమైన పండు వదలమంటే అమ్మ ఒక్క క్షణం ఆలోచించకుండా సీతాఫలం అంది. అది నాన్నగారికి ప్రాణం. ఇక ఈ జన్మకి మా ఇంట్లో ఆ పండు అమ్మ తినదు.

దర్శనం సంగతి చెప్పాలి. 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక గంగ ఒడ్డు నుంచి గుడి దాకా దారి విశాలంగా ఉంది, ఎండకీ వానకీ ఇదివరకటి ఇబ్బంది లేదు, అది నిజంగా గొప్ప సంగతి. కానీ జనం! ఆ చలిలో తెల్లవారకముందే అంతమంది ఎక్కడి నుంచి వచ్చారో, ఒకరి మోచేయి ఒకరి పక్కలో పొడుచుకుంటూ, ముసలివాళ్ళు ఉన్నారు కాస్త జరగండి అన్నా వినేవాళ్ళే లేరు. వెనక నుంచి ఎవరు తోసినా నా గుండె ఆగిపోయినంత పనయ్యేది, మళ్ళీ ఆ ఎముకకి ఏమవుతుందోనని. శివుడి దగ్గరికి వచ్చి పక్కన ఉన్న ముసలమ్మని తోసేసి ఏం పుణ్యం కట్టుకుంటారో నాకు అర్థం కాదు. తమ్ముడు వెనక, నేను ముందు, మధ్యలో అమ్మ, అలా అంగుళం అంగుళం జరుగుతూ వెళ్ళాం. గర్భాలయం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఒక పెద్దాయన తల అడ్డం. ఆయన పక్కకి జరిగాడు. వెండి పానవట్టం, దాని నిండా మారేడు దళాలు, పాలు, వాటి మధ్యలో బెత్తెడు నల్లటి రాయి. అంతే. ఊపిరి తీసి వదిలేంతసేపు కూడా లేదు. తిరిగి చూస్తే అమ్మ రెండు చేతులూ ఎత్తి ఉంది, కర్ర నా చేతిలో ఉంది, ఎప్పుడు ఇచ్చిందో నాకు తెలియలేదు. ఆ కాసేపు ఆవిడ దేన్నీ పట్టుకోకుండానే నిలబడింది.

బయటికి వచ్చాక కష్టం మొదలైంది. గొదౌలియా వైపు నడుస్తుంటే ఆ సందులో అమ్మకి కాలు పట్టేసింది. ఒక్క అడుగు కూడా వెయ్యలేనంది. అటూ ఇటూ జనం, రిక్షా రాదు, తమ్ముడు ఎత్తుకుంటానంటే అమ్మ ఒప్పుకోదు, నాకు టెన్షన్‌తో ఏడుపొచ్చేసింది. పక్కనే ఇత్తడి సామాను కొట్టు. అందులో ఉన్న పెద్దాయన లేచి తను కూర్చున్న స్టూలు తెచ్చి అమ్మ వెనక వేసి, "అమ్మా, కూర్చో, నెమ్మది" అన్నాడు. తెలుగులోనే! మన యాత్రికులని చూసీ చూసీ నాలుగు ముక్కలు వచ్చాయట. ఇంకెవరూ అమ్మ కాలికి తగలకుండా రెండు చేతులూ చాచి తనే అడ్డంగా నిలబడ్డాడు. మనవడిని పంపి మట్టి ముంతల్లో టీ తెప్పించాడు. అమ్మ తెలుగులో తన ఆపరేషన్ కథంతా చెప్పింది, ఆయన హిందీలో తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు, ఇద్దరూ తలలూపుకున్నారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. పోనీ ఏదైనా కొందామని అడిగితే ముందు అమ్మని కూర్చోనివ్వండి, బేరం తర్వాత అన్నాడు. చివరికి చిన్న అన్నపూర్ణ విగ్రహం ఒకటి తీసుకున్నాం. రిక్షాలు దొరికే చోటు దాకా ఆ పిల్లవాడు "జరగండి, జరగండి" అని హిందీలో అరుస్తూ ముందు నడిచాడు. అన్నపూర్ణమ్మ గుడి పక్క సందులో, ఆ అమ్మ బొమ్మలు అమ్ముకునే మనిషి, ముక్కూమొహం తెలియని మమ్మల్ని అలా చూసుకున్నాడు. ఆయన పేరైనా అడగలేదు, కానీ రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన గుర్తొస్తున్నాడు.

ఆ రాత్రి గదిలో అమ్మ కాళ్ళకి నూనె రాస్తుంటే, "ఇంకేం వద్దే, ఇంటికెళ్ళిపోదాం" అంది. నాకూ సరిగ్గా అదే అనిపిస్తోంది, అంత పుణ్యక్షేత్రంలో ఉండి ఇల్లు తలుచుకోవడం తప్పేమోనని నోరు తెరవలేదు. తర్వాత ఆలోచిస్తే అందులో తప్పేముంది అనిపించింది. కాశీకి వెళ్ళినవాడు కాటికి వెళ్ళినవాడు ఒకటే అనేవారు మన పెద్దలు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి 1830 మే 18న బయలుదేరి కాశీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న గానీ ఇల్లు చేరలేదు. ఏడాది దాటి మూడు నెలలు! దారిలో అడవులు, జ్వరాలు, దొంగల భయం. అలాంటి రోజుల్లో మనిషి తిరిగి రావడమే దేవుడిచ్చిన ప్రసాదం. అందుకే మనవాళ్ళు కాశీ యాత్రని కాశీలో ముగించలేదు. గంగ తెచ్చి ఇంట్లో పూజ చేసి, నలుగురికి అన్నం పెడితేనే యాత్ర పూర్తయినట్టు. ఇల్లు చేరడం కూడా యాత్రలో భాగమే. ఇది ఇన్నాళ్ళూ విన్నాను కానీ ఇప్పుడు తెలిసింది.

కాలభైరవుడికి చెప్పి సెలవు తీసుకుని బయలుదేరాం. పొగమంచు వల్ల రైలు గంటలకొద్దీ ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం, అక్కడా జనమే, కూర్చున్నవాళ్ళ మీద నుంచే సామాన్లు దాటిస్తున్నారు. ఎక్కాక ఇక అమ్మ నిద్రపోయింది. మరుసటి రోజు బల్హార్షా దాటాక కిటికీ దగ్గర కూర్చుని చూస్తుంటే సిర్పూర్ కాగజ్‌నగర్ అని బోర్డు మీద గుండ్రటి మన అక్షరాలు. అమ్మని లేపాను. పైకి చదివింది, పక్క బెర్తు ఆవిడ కూడా చదివింది, ఆవిడది గుంటూరట, అప్పటిదాకా మాట్లాడుకోనివాళ్ళం అక్కడి నుంచి వరంగల్ దాకా ఒకటే కబుర్లు.

ఆలస్యం కలిసొచ్చి బెజవాడలో తెల్లవారుజామున దిగాం. కారులో కృష్ణ దాటుతుంటే అమ్మ కళ్ళకద్దుకుంది, గంగలో మునిగొచ్చిన మనిషి కృష్ణమ్మని చూసి మళ్ళీ కొత్తగా మురిసిపోయింది. దుగ్గిరాల దాటేసరికి తెలతెలవారుతోంది. ధనుర్మాసం కదా, మా వీధిలో ముగ్గులు, గొబ్బెమ్మలు, దూరంగా గుడి మైకులో తిరుప్పావై. కాశీ నుంచి వచ్చేటప్పుడు దారిలో ఎవరింటికీ వెళ్ళకుండా తిన్నగా ఇంటికే రావాలని మా ఇంట్లో పట్టింపు, అందుకని ఎదురింటి పిన్నిగారు పిలిచినా అమ్మ ఆగలేదు. ఆవిడే బిందెతో నీళ్ళు తెచ్చి గేటు దగ్గర మా కాళ్ళు కడిగారు.

మావారు అన్నం, పప్పుచారు చేసి ఉంచారు. పొద్దున్నే అన్నమేమిటని ఎవరూ అనుకోలేదు. వేడన్నం, పప్పుచారు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. సత్రంలో భోజనం బాగాలేదని కాదు, అక్కడ వడ్డించినవాళ్ళు కూడా ఎంతో ఆప్యాయంగా పెట్టారు. కానీ మన కుళాయి నీళ్ళ రుచి, మన కంచం, మన పీట... అమ్మ తిన్నాక కంచం దగ్గరే కాసేపు అలా కూర్చుండిపోయింది, "ఎంత హాయిగా ఉందే" అని ఒకటికి రెండుసార్లు అంది. తర్వాత తన మంచం మీద, తన దిండు మీద, మధ్యాహ్నం దాకా కదలకుండా నిద్రపోయింది. ప్రయాణమంతా ఆవిడ రాత్రుళ్ళు మూలుగుతూ పడుకోవడం విన్న నాకు ఆ నిద్ర చూస్తుంటే దర్శనం అయినప్పుడు కలిగినంత తృప్తి కలిగింది. నేనూ పక్కన చాప వేసుకుని పడుకున్నాను, రైలు ఊగుతున్నట్టే ఉంది సాయంత్రం దాకా.

నిన్న గంగపూజ, సమారాధన అయ్యాయి. సీలు వేసిన చెంబులు పూజలో పెట్టి తెరిచి అందరికీ తీర్థం ఇచ్చాం, కాలభైరవుడి నల్ల తాళ్ళు పంచాం. పులిహోర, బూరెలు, గుమ్మడికాయ పులుసు. కుర్చీలో కూర్చుని అమ్మే దగ్గరుండి వడ్డన చూసుకుంది, కాశీ వెళ్ళొచ్చిన మనిషని చిన్నా పెద్దా అందరూ వచ్చి దండం పెడుతుంటే ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి, "నువ్వూ వెళ్ళొస్తావు" అని దీవించింది. ఆ పెద్దాయన కొట్టులో కొన్న అన్నపూర్ణని బియ్యం పోసిన గిన్నెలో పెట్టాం.

ఒక గంగ చెంబు మాత్రం అమ్మ తెరవనివ్వలేదు. అది రామేశ్వరానికట. కాశీ గంగ రామలింగేశ్వరుడికి పోస్తేనే పూర్తి ఫలం అంటోంది. తమ్ముడు అప్పుడే ఫోన్‌లో రైళ్ళు చూడబోయాడు. తప్పకుండా వెళ్దాం, ఆయన నడిపిస్తే అదీ అవుతుంది, కానీ ఈ సంక్రాంతికీ వచ్చే ఉగాదికీ అమ్మ ఇంట్లోనే ఉండాలని వాడికి గట్టిగా చెప్పాను.