వేడి చేసింది

మా అత్తయ్యగారి లెక్కలో సగం రోగాలకు కారణం ఒక్కటే, ఒంట్లో వేడి. నోరు పూసినా వేడే, కళ్ళు మండినా వేడే. బొప్పాయి వేడి, ఆవకాయ వేడి, సబ్జా గింజలు చలవ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ పాఠం వింటున్నదాన్ని. హైదరాబాదులో సర్జన్‌గారు "ఆపరేషన్ అయ్యాక మీ కడుపులోకి వేడి మందు పోసి గంటన్నర తిప్పుతాం" అన్నప్పుడు నాకు ముందు ఆవిడే గుర్తొచ్చారు. ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలిరా దేవుడా అనుకున్నాను.

అంతకు నాలుగు నెలల ముందు మొదలైంది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. లంగా బొందు రోజురోజుకీ బిగుసుకుపోతోంది, చేతులు చూస్తే పుల్లల్లా అవుతున్నాయి. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు తాగాను. మా ఊళ్ళో డాక్టరూ గ్యాస్ మాత్రలే రాశారు. ఆరు వారాలు అలాగే గడిచాయి. చివరికి స్కానింగ్‌లో కడుపునిండా నీరు కనిపించింది. సూది పెట్టి నాలుగు లీటర్లు తీశారు. సీఏ-125 అనే రక్తపరీక్ష 35 లోపు ఉండాలట, నాకు 1,460. అండాశయ క్యాన్సర్, మూడో స్టేజీ. గర్భసంచి పదిహేనేళ్ళ కిందటే తీయించుకున్నాను, ఇంక నాకు ఆడవాళ్ళ జబ్బులేం వస్తాయిలే అన్న ధీమాలో ఉండేదాన్ని. అండాశయాలు లోపలే ఉంచారన్న సంగతి ఆ రోజే తెలిసింది.

ముందు మూడు కీమోలు, ఇరవై ఒక్క రోజులకొకటి. జుట్టు ఊడటం గురించి అందరూ చెబుతారు, నేను చెప్పను. నన్ను ఏడిపించింది అరికాళ్ళ తిమ్మిరి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒక రాత్రి అత్తయ్యగారు జాలిపడి హాట్ వాటర్ బ్యాగ్ నా కాళ్ళ కింద పెట్టారు. పొద్దున చూస్తే మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. కాలుతున్నట్టే తెలియలేదు. కీమో రోజుల్లో పుండు పడితే ఇన్ఫెక్షన్ భయం కదా, నర్సమ్మ చేత ఇద్దరం చీవాట్లు తిన్నాం. మూడో కీమో వారం వెనక్కి పోయింది.

అప్పుడే మా పెద్దాడపడుచు కొడుకు ఒక కరపత్రం తెచ్చాడు. యంత్రంలో పడుకోబెట్టి వేడి పట్టిస్తే గడ్డ కరిగిపోతుందట. కత్తి అక్కర్లేదు, కీమో అక్కర్లేదు. అబద్ధమెందుకు, మనసు లాగింది. కాగితం తీసుకెళ్ళి సర్జన్‌గారికే చూపించాను. ఆయన కోప్పడలేదు. "వేడికి పని ఉందమ్మా. నెదర్లాండ్స్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్‌తో పాటు వేడి ఇచ్చి మంచి ఫలితం చూశారు. కానీ వాళ్ళు రేడియేషన్ మానేశారా? ఈ కాగితం అన్నీ మానేయమంటోంది" అన్నారు.

నా సంగతీ విడమరిచి చెప్పారు. నరానికి ఎక్కించే మందు కడుపు లోపలి పొరదాకా సరిగ్గా చేరదు. కంటికి కనిపించే గడ్డలన్నీ కోసి తీసేశాక, కనిపించని నలుసులు ఆ పొర మీదే మిగులుతాయి. అందుకే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుని 40 డిగ్రీలు దాటించి నేరుగా అక్కడే పోస్తారు. ఆ వేడికి మందు కాస్త లోపలికి దిగుతుంది, దెబ్బతిన్న క్యాన్సర్ కణం తనను తాను బాగుచేసుకోలేదు. 2018లో వచ్చిన డచ్ పరిశోధన గురించీ చెప్పారు. నాలాగే కీమో అయ్యాక ఆపరేషన్‌కి వెళ్ళిన 245 మంది. ఆపరేషన్ మాత్రమే అయినవాళ్ళలో సగం మంది 33.9 నెలలు దాటి బతికితే, వేడి మందు కూడా పోసినవాళ్ళలో సగం మంది 45.7 నెలలు దాటారు. మా అబ్బాయి "ఏడాది తేడా అమ్మా!" అని సంబరపడ్డాడు. నాకు మాత్రం ఆ మొదటి అంకె దగ్గరే గుండె ఆగినట్టయింది.

ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది ప్రయోగం కింద లెక్క, వేడి మందు ఖర్చు ఇవ్వమన్నారు. గాజులు తాకట్టుకి వెళ్ళాయి.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. వేడి మందు తిరుగుతుంటే ఒళ్ళంతా జ్వరంలా కాగిపోతుందని ముందే నన్ను చల్లబరిచి, ఐసు ప్యాకులు పెట్టారని మత్తు డాక్టరుగారు తర్వాత చెప్పారు. అత్తయ్యగారికి ఈ ముక్క తెగ నచ్చింది. "లోపల వేడి, పైన చలవ" అని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు.

ఐసీయూలో మూత్రం గంటగంటకీ కొలిచేవాళ్ళు, సిస్‌ప్లాటిన్‌కి కిడ్నీలు దెబ్బతినకూడదని. ఊపిరితిత్తులు బాగా తెరుచుకోవడానికి మూడు బంతుల గొట్టం పీల్చమంటే ఒక్క బంతీ లేచేది కాదు. పేగులు కదిలాయో లేదో తెలియాలి కాబట్టి డాక్టర్లు, నర్సులు, ఫోన్లో మా తమ్ముడు, అందరిదీ ఒకటే ప్రశ్న, "గ్యాస్ పోయిందా?" ఆరో రోజు పోయింది. మా ఆయన కారిడార్‌లో స్వీట్లు పంచారు. నాకింకా మంచినీళ్ళు కూడా గుక్కెడే.

తర్వాత ఇంకో మూడు కీమోలు. ఆపరేషన్ అయి ఇప్పటికి రెండేళ్ళు దాటింది. పోయిన నెల సీఏ-125 పదకొండు. మూడు నెలలకోసారి వెళ్ళాలి, ముందు వారమంతా ఇంట్లో టెన్షనే. బొప్పాయి మా ఇంట్లో ఇంకా నిషేధమే. అరికాళ్ళకు స్పర్శ పూర్తిగా రాలేదు. స్నానానికి తోడుకున్న నీళ్ళు కాళ్ళ మీద పోసుకునే ముందు మోచెయ్యి ముంచి చూసుకుంటాను, చంటిపిల్లలకు చూసినట్టు.