పది అంకెలూ వచ్చేదాకా

పొద్దున 6 గంటల బస్సుకి తిరుపతి నుంచి చిత్తూరు బయల్దేరాను. సంచీలో ల్యాప్‌టాప్, మల్టీమీటరు, రెండు కన్వర్టర్ మాడ్యూళ్లు, ఇంచు పొడవు రాగి తీగ ముక్క ఒకటి. చంద్రగిరి దాటినప్పటి నుంచి రోడ్డు మీద మామిడికాయల ట్రాక్టర్లే. కాణిపాకం క్రాస్ దగ్గరికొచ్చేసరికి బస్సు కిటికీలోంచి కూడా పండిన తోతాపురి వాసన.

పని ఒక జ్యూస్ ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న కాటా మీద. పోయిన వారం పిడుగు పడి కాటా గదిలోని పాత కంప్యూటర్‌లో సీరియల్ పోర్టు (కాటా నుంచి బరువు అంకెలు తెచ్చే తీగ తగిలించే చోటు) కాలిపోయిందట. అప్పటి నుంచి ఇండికేటర్‌లో కనిపించే బరువును చూసి పుస్తకంలో చేత్తో రాస్తున్నారు. ఇప్పుడు కాటా గదిలో ఒక టెర్మినల్ (వచ్చిన అంకెలు చూపించే తెర), దాదాపు 120 మీటర్ల దూరంలో ఆఫీసులో ఇంకొకటి పెట్టి, రెండింటికీ ఒకే బరువు ఒకేసారి వెళ్లేలా చేయాలి. సీరియల్ పోర్టుకి వాడే మామూలు ఆర్‌ఎస్‌-232 తీగ 15 మీటర్లకు మించి లాగితే నమ్మలేం. అందుకని ఆఫీసు దాకా ఆర్‌ఎస్‌-485 వేశాం, మెలిపెట్టిన జత తీగ, అది 1200 మీటర్ల దాకా పోతుంది. మాడ్యూల్ కూడా ఐసొలేషన్ ఉన్నదే తెచ్చాను, మళ్లీ పిడుగు పడినా దెబ్బ తీగ వెంబడి నేరుగా కంప్యూటర్‌లోకి దూరే అవకాశం తగ్గుతుంది.

ముందు లూప్‌బ్యాక్. మాడ్యూల్ తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులను రాగి తీగతో కలిపి కీబోర్డు మీద ఏదైనా కొడితే అదే తిరిగొచ్చి తెర మీద పడాలి. పడింది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు గానీ, తీగ తీసేశాక కూడా కొట్టి చూడాలి, అప్పుడు అక్షరాలు ఆగిపోతేనే పరీక్ష నిజం. లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని టెర్మినలే తెర మీద చూపించేసే సెట్టింగు) ఆన్‌లో ఉంటే తీగ ఉన్నా లేకపోయినా అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి, పోర్టు చచ్చిపోయినా బాగున్నట్టే అనిపిస్తుంది. తీశాను, ఆగాయి.

తర్వాత ఇండికేటర్ వైపు. ఏ పిన్ను పంపేది, ఏది తీసుకునేది అని కాగితాలు వెతికే బదులు మల్టీమీటరు పెడితే చాలు: ఊరికే ఉన్నప్పుడు పంపే పిన్ను దగ్గర గ్రౌండుతో పోలిస్తే మైనస్ వోల్టేజీ ఉంటుంది. ఇక్కడ మైనస్ 8 కి దగ్గరగా వచ్చింది. 485 వైపు కరెంటు తీసేసి రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓములు, అంటే రెండు చివర్లా పెట్టిన 120 ఓముల రెసిస్టర్లు రెండూ ఉన్నట్టే. ఆఫీసు చివర మాత్రం మొదట అంతా చెత్త వచ్చింది, ఏ, బీ తీగలు తారుమారు చేస్తే సరిపోయింది. ఒక కంపెనీ ఏ అన్నదాన్ని ఇంకో కంపెనీ బీ అంటుంది, ఇది నాకు అలవాటే.

ఇండికేటర్ పక్కన ఎవరో మార్కర్‌తో 9600 అని రాసి ఉంచారు. అంతే, ఇంకేమీ లేదు. సరే అని స్పీడు 9600, అక్షరానికి ఎనిమిది బిట్లు, పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే బిట్టు) లేదు, అక్షరం చివర ఒక స్టాప్ బిట్ అని అందరూ పెట్టేదే పెట్టాను. మొదటి ట్రాక్టర్ ఎక్కింది. ఇండికేటర్‌లో 6950, నా తెర మీద 6950, ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడా 6950. ఒక్కటే తేడా, ప్రతి కొత్త బరువూ వరస మొదట్లో పడకుండా మెట్లు దిగినట్టు కుడివైపుకి జరుగుతూ వచ్చింది. అది టెర్మినల్‌లో లైన్ సెట్టింగు సంగతిలే, తర్వాత చూద్దాం అనుకున్నాను. అప్పుడే ఆగి ఉండాల్సింది.

కాటా ఆపరేటర్ అన్న "అయిపాయనా తమ్ముడూ, ఇంక పుస్తకం మూసేద్దామా?" అన్నాడు. దాదాపు సరే అనబోయాను.

రెండో బండి 7240. తెర మీద ఒక చుక్క, పైకెక్కిన చిన్న రెండు, ఒక గీత, చివర్లో సున్నా. ఆ వెనకాలే లారీ, 13590. తెర మీద ప్లస్‌మైనస్ గుర్తు, దాని పక్కన 3590 శుభ్రంగా.

తీగ లూజు అయితే ఇలా రాదు. స్పీడు తప్పితే మొత్తం చెత్త వస్తుంది, సగం అంకెలు ఇంత నీట్‌గా రావు. ఆపరేటర్ అన్నకి పుస్తకం మూయొద్దని చెప్పి, తూకం చీటీ వెనకవైపు సున్నా నుంచి తొమ్మిది దాకా ఆస్కీ (ఒక్కో గుర్తుకి కంప్యూటర్ వాడే సంఖ్య) కోడ్‌లు, 48 నుంచి 57 వరకు, బైనరీలో రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్కో దాంట్లో ఎన్ని ఒకట్లు ఉన్నాయో లెక్కపెడితే 0, 3, 5, 6, 9 లో సరిసంఖ్య, 1, 2, 4, 7, 8 లో బేసిసంఖ్య. సరిగ్గా వచ్చినవన్నీ మొదటి గుంపువి, పాడైనవన్నీ రెండో గుంపువి. గుండె ఒక్కసారి తేలికైంది.

ఇండికేటర్ పంపేది ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ. ఒకట్లు బేసిసంఖ్యలో ఉంటే ఎనిమిదో చోట ఇంకో ఒకటి చేర్చి సరి చేస్తుంది. నేను ఎనిమిది బిట్లు అని పెట్టాను కాబట్టి నా టెర్మినల్ ఆ పారిటీ బిట్టును కూడా అక్షరంలో భాగమే అనుకుని వేరే గుర్తు చూపించింది. రెండు పద్ధతుల్లోనూ స్టార్ట్, స్టాప్ కలిపితే అక్షరానికి పది బిట్లే, అందుకే ఎక్కడా ఎర్రర్ అని కూడా రాలేదు. మెట్లు దిగినట్టు రావడం కూడా ఇదే. వరస మొదటికి తీసుకెళ్లే కోడ్ 13, అందులో ఒకట్లు మూడు, అది చెడిపోయింది. కిందికి దించే కోడ్ 10, అందులో రెండు, అది బతికింది. అంటే మొదటి బండికే తప్పు కళ్ల ముందు కనిపించింది, 6950 లో ఉన్నవన్నీ మంచి గుంపు అంకెలు కావడం వల్ల నేను పట్టించుకోలేదు.

నన్ను భయపెట్టింది లారీ అంకె. వాళ్ల బిల్లింగ్ ప్రోగ్రాం అంకె కాని ఏ గుర్తునైనా వదిలేసేలా రాసి ఉంది, ప్లస్ గుర్తు, లైన్ కోడ్‌లు తీసేయడానికి. ఆ ప్లస్‌మైనస్‌ను కూడా అలాగే వదిలేస్తుంది. 13590 కిలోల లారీ 3590 అయ్యేది. పది వేల కిలోలు. 2025 సీజన్‌లో తోతాపురికి ఖరారు చేసిన ధర కిలోకి 12 రూపాయలు, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ లెక్కన ఒక్క లారీ మీద లక్షా ఇరవై వేలు. పగలైతే ఎవరో ఒకరు చూసి అడుగుతారు. రాత్రి రెండు గంటలకి, రోడ్డు దాకా ట్రాక్టర్లు నిలబడి ఉంటే, నిద్రమత్తులో ఉన్న మనిషి ముందు పడిన చీటీని ఎవరు చూస్తారు? ఖాళీ బండి బరువు తీసేశాక ఆ రైతు చేతికి ఏం మిగులుతుంది?

సెట్టింగు మార్చడం అర నిమిషం పని. రెండు టెర్మినళ్లలోనూ ఏడు, ఈవెన్, ఒకటి అని పెట్టాక మెట్లు కూడా పోయాయి, అంకెలు వరసగా ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ఈసారి మాత్రం ఒక బండికి, రెండు బండ్లకి నమ్మకూడదని గట్టిగా అనుకున్నాను. కాగితం మీద పది అంకెలు రాసి, ఇండికేటర్‌లో, రెండు టెర్మినళ్లలో మూడు చోట్లా ఒకే అంకె కనిపించినప్పుడే దాని పక్కన టిక్ పెట్టాలి. అప్పటిదాకా పుస్తకం మూయకూడదు.

వరసలో ఉన్న ఒక పెద్దాయన దిగొచ్చి, "కాయలు ఎండకి వాడిపోతా ఉండాయి, మిషన్ చెడిపోయిందా ప్పా?" అని అడిగాడు. తూకం ఆగలేదు పెద్దాయనా, చేత్తో రాస్తున్నారు, కంప్యూటర్‌లో తప్పు పడకుండా చూస్తున్నాం అని చెప్పాను. ఆయన తన బండి ఎక్కినప్పుడు తెర దగ్గరికొచ్చి నిలబడి ఒక్కో అంకే పైకి చదివాడు. 7, 4, 2, 0. నాలుగు టిక్కులు.

మధ్యాహ్నం ఆపరేటర్ అన్న తన క్యారియర్‌లోంచి రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టాడు. తింటూ ఒక కన్ను తెర మీదే. మూడింటికల్లా తొమ్మిది అంకెలు అయ్యాయి, ఎనిమిది మాత్రం రాలేదు. ఆ తర్వాత అరగంట గేటులోకి బండే రాలేదు.

నేనే కాటా ఎక్కాను. ఆ కాటా పది కిలోల మెట్టుతో చూపిస్తుంది, నాకు 70 చూపించింది. నిండు క్రేటు చేతికిస్తే 90. ఆపరేటర్ అన్న క్రేటులోంచి సగం కాయలు దించాడు. 80. గదిలోంచి కేక వేశాడు, ఆఫీసు నుంచి ఫోన్‌లో అమ్మాయి కూడా "ఎనభై అన్నా" అంది.

కాటా దిగి పదో టిక్కు పెట్టాను. మార్కర్ అడిగి తీసుకుని, ఇండికేటర్ పక్కన పాత 9600 కింద పెద్ద అక్షరాలతో రాశాను: ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ, ఒక స్టాప్ బిట్. ఆ రాత మీద పారదర్శకమైన టేపు కూడా అంటించాను, చేతులు తగిలి చెరిగిపోకుండా.