పొద్దుతిరుగుడు పూలు, బావగారి మాట

నిద్ర పట్టట్లేదు. కారణం మీరు ఊహించే ఉంటారు. మధ్యాహ్నం భోజనానికి బావగారు వచ్చారు.

చిన్నదానికి డిజైన్ కాలేజీలో సీటొచ్చిందని చెప్పానో లేదో, "అంటే కమర్షియల్ ఆర్టా? సబ్బుపెట్టెల మీద బొమ్మలా?" అన్నారు, నేను చేసిన గోంగూర పప్పు మారు వేసుకుంటూ. బాపు కూడా మద్రాసులో అడ్వర్టైజింగ్ కంపెనీలో పనిచేసినవారే కదండీ అని నోటిదాకా వచ్చింది. ఈయన కళ్ళతోనే వద్దన్నారు. మింగేశాను, ఇప్పటికీ అరగలేదు.

సాయంత్రం చిన్నది ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. పొద్దుతిరుగుడు పూలు, 1917లో వేసింది. చూడగానే వాన్‌గోగ్ గుర్తొచ్చాడు. వేసినాయన ఎడ్వర్డ్ మెక్‌నైట్ కాఫర్, అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు. పారిస్‌లో చదువుకోవడానికి డబ్బిచ్చిన ప్రొఫెసర్ మెక్‌నైట్ పేరునే తన పేరులో కలుపుకున్నాడట. (మనవాళ్ళు ఇంత సాయం చేస్తే జీవితాంతం గుర్తుచేస్తారు, అది వేరే సంగతి.) లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ళ ప్రచారం చూసుకునే ఫ్రాంక్ పిక్ 1915 నుంచి ఆయన చేత ఆ రైళ్ళకు పోస్టర్లు వేయించాడు. 1921లో పెయింటింగ్ పూర్తిగా మానేసి పోస్టర్లకే అంకితమయ్యాడు.

అయ్యో, ఇలాంటి పూలు వేయగలిగినవాడు మానేయడమేంటి అనిపించింది. అనిపించాక ఒళ్ళు మండింది. బావగారూ అన్నది ఇదేగా!

మా చిన్నప్పుడు సందు చివర గోడకి ఎరువుల ప్రకటన రాసే ఆయన వచ్చేవాడు. నీలిమందులో ముంచిన దారాన్ని ఇద్దరు కుర్రాళ్ళు చెరో కొసా పట్టుకుంటే, మధ్యలో లాగి టప్పున వదిలేవాడు. గోడ మీద తిన్నటి గీత పడేది. స్కేలు లేదు, పాడు లేదు. ఆ గీతల మధ్య అక్షరాలు, పక్కన వరికంకి. ఒక్కో గింజకీ పసుపు మీద సన్నగా తెల్లరంగు తగిలిస్తే మెరిసేది. మేం బడికి ఆలస్యమైనా కదిలేవాళ్ళం కాదు. చివర్న మూలన చిన్నగా తన పేరు, పక్కన 'ఆర్ట్స్'. ఎంత దర్జాగా రాసుకునేవాడో!

కాఫర్ పోస్టర్లు కూడా స్టేషన్లలో అలాగే, టికెట్ కొన్న ప్రతివాడికీ కనిపించేవి. 1937లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఆయన పోస్టర్లకు ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. ఇంకేం కావాలి?

కానీ 1940లో న్యూయార్క్ వెళ్ళిపోయాక లండన్‌లో దొరికినట్టు పని దొరకలేదట. నా టెన్షన్ అక్కడ. పని ఇచ్చేవాడు ఉంటేనే ఈ బొమ్మలు నడిచేది.

అన్నట్టు, ఫీజెంతో బావగారు అడగలేదు. అడిగుంటే అదైనా పనికొచ్చే మాట అయ్యుండేది.