వాషింగ్టన్‌లో ఎవరి కుర్చీ ఎక్కడుంది

వాషింగ్టన్ వెళ్లిన మనవాళ్లు చాలామంది ముందు వైట్‌హౌస్ దగ్గరికే పోతారు. నాకు మాత్రం ముందు కాపిటల్ భవనం చూడాలనిపించింది. అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, కొలువుండేది అందులోనే. అమెరికా రాజ్యాంగంలోనూ మొదటి అధికరణం కాంగ్రెస్ గురించే. అధ్యక్షుడి సంగతి రెండోదానిలో, కోర్టుల సంగతి మూడోదానిలో వస్తుంది. వర్జీనియాలో ఉంటున్న మా అమ్మాయి పౌరసత్వ పరీక్షకు చదువుకుంటోంది. "నాకూ చదివినట్టు అవుతుంది, పదండి నాన్నా" అని సెలవు పెట్టి మరీ వచ్చింది.

కాపిటల్ సౌత్ స్టేషన్‌లో మెట్రో దిగి కొద్దిగా ఎత్తు ఎక్కగానే తెల్లటి గుమ్మటం కనిపించింది. తినుబండారాలూ నీళ్లూ లోపలికి తీసుకెళ్లనివ్వరు. టూర్‌కి టికెట్ డబ్బులేమీ లేవు. గుమ్మటం కింది రొటండా అనే గుండ్రటి హాల్లో తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం విగ్రహాలు. ఒక్కో రాష్ట్రం తనకు నచ్చిన ఇద్దరి విగ్రహాలు పంపింది. పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా రెండే.

కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్‌లోనూ ఇదే లెక్క. దాదాపు నాలుగు కోట్ల జనమున్న కాలిఫోర్నియాకు ఇద్దరు, ఆరు లక్షలైనా లేని వయోమింగ్‌కూ ఇద్దరు. మన రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, ఉత్తరప్రదేశ్‌కు 31 సీట్లున్నాయి. మన దగ్గర పెద్దల సభలో కూడా జనాభాకే బరువు. వాళ్లు దిగువ సభలోని 435 సీట్లను జనాభా ప్రకారం పంచి, ఎగువ సభలో రాష్ట్రాలన్నిటినీ సమానం చేశారు. 1787లో ఫిలడెల్ఫియాలో పెద్ద రాష్ట్రాలకూ చిన్న రాష్ట్రాలకూ కుదిరిన రాజీ ఇది. ఈ రాజీ లేకపోతే చిన్న రాష్ట్రాలు సంతకం పెట్టేవి కావు. కానీ ఇన్నేళ్ల తర్వాత రాష్ట్రాల మధ్య జనాభా తేడా మరీ పెరిగిపోయిందని నాకనిపిస్తుంది.

సభ జరుగుతుంటే చూడాలంటే గ్యాలరీ పాస్ కావాలి. విదేశీయులు పాస్‌పోర్టు చూపించి అక్కడి విజిటర్ సెంటర్‌లోనే అడిగి తీసుకోవచ్చు. ఫోన్లు బయటే అప్పగించి సెనేట్ గ్యాలరీలో కూర్చున్నాం. అర్ధచంద్రాకారంలో 100 బల్లలున్నాయి, మనుషులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఒక సభ్యుడు మాట్లాడి కూర్చున్నాక, గుమాస్తా ఒక్కో పేరూ నెమ్మదిగా చదవడం మొదలుపెట్టారు. పలికేవాళ్లు లేరు, అయినా చదువుతూనే ఉన్నారు. కోరం పిలుపు అంటారట దీన్ని. తర్వాత ఏం చేయాలో బయట మాటలు తెమిలేదాకా సభను అలా ఆపి ఉంచుతారు. చాలా బిల్లుల మీద చర్చ ముగించాలంటేనే 60 ఓట్లు కావాలి, అందుకే ఇక్కడ ఏ పనీ తొందరగా తెమలదు.

నేను మంత్రులు కూర్చునే చోటు కోసం వెతికాను. అలాంటి చోటే లేదు. అధ్యక్షుడి కేబినెట్‌లో ఉన్నవాళ్లు కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదని రాజ్యాంగమే కట్టడి చేసింది. సెనేటర్‌గా ఉన్న హిల్లరీ క్లింటన్ 2009లో విదేశాంగ మంత్రి అయ్యేముందు ఆ సీటు వదులుకోవాల్సి వచ్చింది. అధ్యక్షుడికీ ఇక్కడ కుర్చీ లేదు, కాంగ్రెస్ పిలిస్తేనే వచ్చి ప్రసంగించి వెళ్తాడు.

అవిశ్వాస తీర్మానం అనేదే లేకపోవడం మన బుర్రకు అంత తేలిగ్గా ఎక్కదు. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు లోక్‌సభ స్పీకర్ కుర్చీలో ఉన్నది మన బాలయోగి గారే. ఆ రోజు టీవీ ముందు మేమంతా పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. వాషింగ్టన్‌లో అలాంటి రోజు రాదు. రెండు సభలూ ఎదురు తిరిగినా అధ్యక్షుడి నాలుగేళ్లు అధ్యక్షుడివే. అభిశంసన ఉంది గానీ, తీసేయాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి. అలా పదవి పోయిన అధ్యక్షుడు ఇంతవరకు లేడు. మరి అధ్యక్షుడికీ కాంగ్రెస్‌కూ పొసగకపోతే? ఖర్చుల బిల్లు ఆగిపోయి ఆఫీసులు మూతపడతాయి. 2018 డిసెంబరులో అలా మొదలైన షట్‌డౌన్ 35 రోజులు సాగింది. అన్ని రోజులు జీతం రాని ఉద్యోగుల ఇళ్లు తలుచుకుంటే, ప్రభుత్వం పడిపోయి కొత్తది రావడమే నయమనిపిస్తుంది నాకు.

రోడ్డు దాటితే సుప్రీంకోర్టు. పాలరాతి మెట్లు, బారులు తీరిన స్తంభాలు చూసి ఎప్పటిదో అనుకుంటాం గానీ, కోర్టు ఈ భవనంలోకి వచ్చింది 1935లోనే. అంతకుముందు కాపిటల్‌లోనే, సెనేట్ ఖాళీ చేసిన గదిలో సర్దుకునేది. కోర్టుకు సొంత చోటు ఉండాలని పట్టుబట్టింది ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్. ఆయన అంతకుముందు దేశాధ్యక్షుడు కూడా. భవనం పూర్తికాకముందే, 1930లో పోయారు. ఇక్కడి తొమ్మిది మంది న్యాయమూర్తులకు పదవీ విరమణ వయసు లేదు.

పెన్సిల్వేనియా అవెన్యూ వెంట వైట్‌హౌస్ వైపు నడుస్తుంటే అమ్మాయి ఒక కారు నంబర్ ప్లేటు చూపించింది. ప్రాతినిధ్యం లేకుండా పన్నులేమిటని దాని మీద రాసుంది. బ్రిటిష్ రాజు మీద అమెరికన్లు తిరగబడిన నాటి నినాదమే అది. వాషింగ్టన్ నగరం ఏ రాష్ట్రంలోనూ భాగం కాదు. సుమారు ఏడు లక్షల మందికి సెనేట్‌లో ఒక్కరూ లేరు. దిగువ సభలో ఉన్న ఒక్క ప్రతినిధి మాట్లాడవచ్చు గానీ, బిల్లు మీద చివరి ఓటు వేయలేరు. అధ్యక్షుడి ఎన్నికలో వాళ్లకు మూడు ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) దక్కింది కూడా 1961లో రాజ్యాంగ సవరణ వచ్చాకే. కాపిటల్‌కు కాపలా కాసేవాళ్లలో, ఊడ్చేవాళ్లలో ఈ ఊరివాళ్లు ఎందరో ఉంటారు కదా. పైన గ్యాలరీలో నాలాంటి పరదేశికి చోటు దొరికింది, కింద సభలో వాళ్ల తరఫున ఓటేసే మనిషి లేడు. నగరాన్ని రాష్ట్రంగా చేసే బిల్లు 2021లో దిగువ సభలో నెగ్గింది. సెనేట్‌లో ఓటింగ్ దాకా రాలేదు.