పీడీఎఫ్ లింకుల మరమ్మతు, ఇప్పటిదాకా

చూపులేనివాళ్లు కూడా విని చదువుకునేలా నక్షత్రాల చేతిపుస్తకం పీడీఎఫ్‌ని సరిచేస్తున్నాను. అధ్యాయాల పని తెమిలింది, ఇప్పుడు లింకుల వంతు. నెలవారీ పటాలు, గ్రహణాల పట్టికలు, ఫొటోలు అన్నీ కలిపి లింకులు చాలానే ఉన్నాయి. చూడ్డానికి నీలం రంగులో, కింద గీతతో ముచ్చటగానే ఉంటాయి. తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏని ఆన్ చేసి ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే లింకుల జాబితా వస్తుంది కదా, అది వినాలి అసలు: ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ, మధ్యలో ఊపిరాడనంత పొడుగు హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఒకటి, మళ్లీ ఇక్కడ. వినేవాళ్లు ఏది తెరవాలి?

అందుకే ముందు మాటలు మార్చాను. "ఇక్కడ నొక్కండి" ఉన్నచోట "జనవరి ఆకాశ పటం, పీడీఎఫ్, 2 ఎంబీ" అని. డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందాలని పెట్టిన మార్గదర్శకాలు)లో 2.4.4 ప్రకారం చుట్టూ ఉన్న వాక్యంతో కలిపి అర్థమైతే సరిపోతుంది, లింకు ఒక్కదాన్ని విడిగా చదివినా తెలిసిపోవాలనేది 2.4.9, అది ఏఏఏ, అంటే అన్నిటికన్నా కఠినమైన స్థాయి. నేను మాత్రం రెండోదే పట్టుకున్నాను, జాబితాలో వింటున్నప్పుడు చుట్టూ వాక్యమెక్కడుంటుంది?

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. పీడీఎఫ్‌లో లింకంటే అక్షరాల మీద విడిగా పరిచిన ఓ కనపడని చదరం, కింద ఏం రాసుందో దానికి తెలీదు. ఆ రెంటినీ కలిపేది ట్యాగుల చెట్టు (ఏది శీర్షిక, ఏది పేరా, ఏది లింకు అని స్క్రీన్ రీడర్‌కి చెప్పే కనపడని అమరిక)లోని లింక్ ట్యాగ్: దాని లోపల అక్షరాలూ ఉండాలి, చదరాన్ని చూపించే ఓబీజేఆర్ అనే సూచిక కూడా ఉండాలి. అక్రోబాట్‌లో లింక్ టూల్‌తో చదరం గీసేస్తే మౌస్‌కి పనిచేస్తుంది, ట్యాగ్ మాత్రం రాదు. అక్షరాలు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో క్రియేట్ లింక్ ఇస్తే రెండూ వస్తాయి. ట్యాగ్ లేనివి పట్టుకోవడానికి ట్యాగ్స్ ప్యానెల్‌లో ఫైండ్ తెరిచి అన్‌మార్క్‌డ్ లింక్స్ ఎంచుకోవాలి. ట్యాగ్ ఎలిమెంట్ నొక్కాక అది సరైన పేరాలోనే కూర్చుందా అని చూసుకోక తప్పదు.

రెండు లైన్లలోకి విరిగిన లింకులైతే మరీ విసుగు. లైనుకో చదరం, ఒక్కోసారి చదరానికో ట్యాగ్. "జనవరి ఆకాశ" ఒక లింకు, "పటం" ఇంకో లింకు అని చదువుతుంది. రెండో దాని అక్షరాల్నీ ఓబీజేఆర్‌నీ మొదటి ట్యాగ్‌లోకి లాగి, ఖాళీ ట్యాగ్ తీసేస్తే ఒకటైపోతుంది.

ఇదంతా పీడీఎఫ్‌లో చేసుకుంటూ పోతే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడల్లా మొదటికొస్తుంది కాబట్టి వీలైనంత మూల ఫైల్‌లోనే సరిచేస్తున్నాను. వర్డ్ నుంచైతే సేవ్ యాజ్ పీడీఎఫ్ వాడాలి, ప్రింట్ దారిలో వెళ్తే ట్యాగులు పోతాయి. లిబ్రేఆఫీస్‌లో ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లోనే పీడీఎఫ్/యూఏ (అందరికీ అందే పీడీఎఫ్‌ల ప్రమాణం) ఆప్షన్ ఉంది. ఆ ప్రమాణం (2012లో వచ్చిన మొదటి భాగం) ప్రతి లింకుకీ కంటెంట్స్ అనే వివరణ కూడా అడుగుతుంది. ఒక్కొక్కటీ టైప్ చేసే ఓపిక లేక పైథాన్‌లో పైక్‌పీడీఎఫ్ అనే లైబ్రరీతో చిన్న లూప్ రాశాను: పేజీలో లింక్ రకం అనోటేషన్లు (పైన చెప్పిన చదరాలే) వెతికి, చిరునామాని బట్టి నా పట్టికలోంచి వివరణ తీసి పెడుతుంది. ఇక అక్రోబాట్‌లో పేజీ ప్రాపర్టీస్‌కెళ్లి ట్యాబ్ ఆర్డర్‌ని (ట్యాబ్ నొక్కితే లింకులు వచ్చే వరుసని) యూజ్ డాక్యుమెంట్ స్ట్రక్చర్‌కి మార్చడం రెండు క్లిక్కుల పని.

తెలుగు పీడీఎఫ్‌లకి ఇంకో పరీక్ష ఉంది. లింకు అక్షరాల్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పాత నాన్‌యూనికోడ్ ఫాంట్ అయితే పిచ్చి గుర్తులొస్తాయి, స్క్రీన్ రీడర్‌కి అందేదీ అవే. అప్పుడు లింక్ ట్యాగులు ఎంత చక్కగా ఉన్నా ఉపయోగం లేదు, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.

చెకింగ్‌కి వెరాపీడీఎఫ్, పాక్ రెండూ ఉచితమే. ట్యాగ్ లేని లింకుని ఇట్టే పట్టేస్తాయి గానీ "ఇక్కడ" అనే లింకుని చూసి కిమ్మనవు, దానికి ఎన్‌వీడీఏలో కె (తర్వాతి లింకుకి వెళ్లే కీ) నొక్కుతూ చెవులతో వినాల్సిందే. పటాల లింకులన్నీ అయిపోయాయి. ఫుట్‌నోట్లు మిగిలాయి: ఇప్పుడవి ఒట్టి అంకెలుగా వినిపిస్తున్నాయి, నోట్ చదివాక వెనక్కొచ్చే లింకు కూడా వాటికి లేదు.